మద్నూరు లైను

పండరి దినాలు గడిచిన మర్నాడు పొద్దున కంప్యూటరు గదిలో మోడెం మోగింది.

సుస్మిత అప్పుడే వచ్చి కిటికీ తెరుస్తోంది. బయట చెరకు ట్రాక్టర్లు వరసకట్టి ఉన్నాయి. ఉడుకుతున్న రసం వాసన చలిగాలితో పాటు గదిలోకి వచ్చింది. ఆ వేళకు బయటి నుంచి పిలిచేవాడు ఒక్కడే ఉండేవాడు. అతను పోయినప్పటి నుంచి పొద్దుటి పూట గది మూగగా ఉంటోంది. కోటగిరి వాళ్ళు ఇవాళ తొందరగా మొదలుపెట్టారేమో అనుకుంటూ తెర ముందుకు వచ్చింది.

మోడెం కీచుమంది. గరగరలాడి ఆగింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పడింది. పండరి.

సుస్మిత చేతిలో తాళంచెవుల గుత్తి ఉంది. దాన్ని బల్ల మీద పెట్టడం కూడా మరిచిపోయి నిలబడిపోయింది. యంత్రం ఎప్పటిలాగే లైను తెంపేసింది. కాసేపు ఊరుకుని, తనే మద్నూరుకు ఫోను కలపడం మొదలుపెట్టింది. ఒక్కో అంకెకు ఒక్కో మోత. ఆ మోతల వరస ఆమె చెవికి కంఠతా వచ్చు. అవతల ఫోను మోగింది. ఎత్తారు. రెండు యంత్రాలూ ఒకదాన్నొకటి గుర్తుపట్టినట్టు కీచులాడుకున్నాయి. పండరి లోపలికి వచ్చేశాడు.

మోడెం మీది చిన్న దీపాలు మిణుకుమిణుకుమంటుంటే ఆమె దూరం నుంచే చూసింది. కుర్చీ లాక్కుని కూర్చోబుద్ధి కాలేదు. కొంతసేపటికి దీపాలు ఆరాయి. పేరు చెరిగిపోయింది.

బాన్సువాడ ఊరి బయట ఉన్న ఆ చక్కెర ఫ్యాక్టరీకి కంప్యూటర్లు వచ్చి రెండేళ్ళు కావస్తోంది. కాటా దగ్గర ఒకటి, చెరకు వ్యవహారం చూసే కేన్ మేనేజరు గదిలో ఒకటి, లెక్కల వాళ్ళ దగ్గర రెండు, అన్నీ తీగలతో ఒకదానికొకటి కలిపి ఉంటాయి. ఊళ్ళల్లో చెరకు మడులు చూసే మద్నూరు, కోటగిరి, వర్ని సెక్షన్ల వాళ్ళు దూరం. అంత దూరం తీగ లాగలేరు కనుక హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజినీరు ఫోను దారి ఏర్పాటు చేశాడు. దూరాన ఉన్న మనిషి ఫోను కలిపి తన పేరూ, రహస్యపు మాటా ఇవ్వాలి. ఇక్కడి యంత్రం అవి సరిచూసుకుని, లైను తెంపి, ఆ పేరుకు తన దగ్గర రాసి ఉన్న నంబరుకే తిరిగి ఫోను చేస్తుంది. ఆ తర్వాత ఆ మనిషి పక్క గదిలో కూర్చున్నట్టే ఆఫీసు కంప్యూటర్లలో పని చేసుకోవచ్చు. ఇంజినీరు దాన్ని గేట్‌వే అన్నాడు. ఆఫీసులో అందరూ గేటు అంటారు. ఆ గేటుకు సుస్మిత కావలి.

పండరి పేరు చెప్పి దొంగ ఎవడైనా రావాలన్నా పండరి ఇంట్లో కూర్చుని రావలసిందేనని ఇంజినీరు గొప్పగా చెప్పినప్పుడు ఆమెకు ధైర్యంగా అనిపించింది. ఇప్పుడు అదే మాట భయపెట్టింది. యంత్రం ఫోను చేసింది పండరి ఇంటికి. అక్కడ ఎత్తారు.

మద్నూరు సెక్షన్ చూసే పండరిని ఆమె ఎన్నడూ చూడలేదు. లైను మధ్యలో తెగినప్పుడల్లా మామూలు ఫోనులో పిలిచేవాడు. "సుస్మితమ్మా, జెర గేటు తియ్యరాదు," అనేవాడు, నిజంగా ఎవరి వాకిట్లోనో నిలబడి అడుగుతున్నట్టు. వెనక గిన్నెల చప్పుడూ, మరాఠీ మాటలూ వినపడేవి. డిసెంబరులో హైవే మీద లారీ అతని బండిని కొట్టేసింది. దండ తీసుకుని వెళ్ళివచ్చిన వాళ్ళు చెబితే తెలిసింది ఆమెకు, అతని మీసాలు నెరిశాయని.

ఊడ్వడానికి వచ్చిన సమ్మవ్వను, ఫోను మోగడం నీకూ వినపడిందా అని అడిగింది. వినపడిందనే చెప్పింది సమ్మవ్వ. సంగతి విన్నాక చీపురు గోడకు ఆనించి, తెర వంక చూసి, చీర చెంగు భుజం నిండా కప్పుకుంది.

"పని సగంల ఇడిసిపెట్టి పోయిండు గద బిడ్డా. ఇడిసిపెట్టబుద్ధి గాదు," అంది మెల్లగా.

సుస్మిత నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. సమ్మవ్వ వెళ్ళాక, మద్నూరు సెక్షన్ తెర మీదికి తెచ్చి చూసింది. ఏ రైతు చెరకు పండిందో సెక్షన్ వాళ్ళు పంపుతారు. ఆ వరసలోనే కోత పర్మిట్లు వెళతాయి. పర్మిట్ లేనిదే రైతు కత్తి పట్టకూడదు, కోసినా ఫ్యాక్టరీ తీసుకోదు. పండరి పోయాక కదలకుండా పడివున్న మద్నూరు వరస ఆ పొద్దున కదిలింది. అందరికన్నా పైన తావుర్యా అనే పేరు ఉంది.

*

ఆ తావుర్యాయే మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చాడు. మద్నూరు దగ్గరి తండావాడు. తల రుమాలు తీసి చంకన పెట్టుకుని, చేతిలో ఒక చెరకు గడ పట్టుకుని కేన్ మేనేజరు రాజేంద్రప్రసాద్ ముందు నిలబడ్డాడు. సుస్మిత మర్నాటి పర్మిట్ల కట్ట మీద సంతకం చేయించుకోవడానికి వచ్చి గుమ్మంలో ఆగింది.

రాజేంద్రప్రసాద్ కోపిష్టి మనిషి కాదు. తావుర్యాను కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. తావుర్యా కూర్చోలేదు. గడను మోకాలికి ఆనించి విరిచాడు. పచ్చి చెరకు విరిగినప్పుడు వచ్చే చప్పుడు రాలేదు. లోపల తెల్లగా బెండు పట్టి ఉంది. ఆ రెండు ముక్కలూ బల్ల మీద పెట్టి, మడి అంతా ఇట్లనే అయితున్నదన్నాడు.

మేనేజరు ఆ ముక్కలను ముట్టుకోలేదు. పండరి నీ చెరకు పండినట్టు రాయాలి, రాయలేదు, మంచివాడే కానీ మరిచిపోయినట్టున్నాడు, పోయినవాడిని ఇప్పుడేం అంటాం అన్నాడు. గొంతులో నిజంగానే జాలి ఉంది.

"పండరన్న మా మడికొచ్చిండు సారూ. రసం తీపి చూసే గొట్టం కంటికి పెట్టుకొని చూసిండు. ఈ వారమే పర్మిట్ వస్తదన్నడు," అన్నాడు తావుర్యా.

"అని ఉంటాడు. రాయలేదు మరి."

తావుర్యా కాసేపు గోడ మీది క్యాలెండరు చూశాడు. చచ్చిపోయిన మనిషిని అబద్ధాలకోరు అనడానికి అతనికి మనసు రాలేదు, మేనేజరును అనడానికి ధైర్యం రాలేదు. చెరకు ముక్కలు అక్కడే వదిలి వెళ్ళిపోయాడు. రాజేంద్రప్రసాద్ వాటిని కాగితంతో పట్టుకుని చెత్తబుట్టలో వేసి, చేయి తుడుచుకుని సంతకాలు మొదలుపెట్టాడు.

సుస్మిత కట్ట అందిస్తూ పేర్లు చదువుకుంది. తావుర్యా లేడు. పొద్దున పైన ఉన్నవాడు పర్మిట్లు అచ్చయ్యే వేళకు ఎక్కడో అడుగుకు పోయాడు. పైన కోటగిరి రైతు పేరు ఉంది. రాజేంద్రప్రసాద్‌కు బావమరిది. తావుర్యా కన్నా చాలా వెనక నాటిన చెరకు. వరస మార్చగలిగిన కంప్యూటరు ఆఫీసులో ఒక్కటే. అది ఆ బల్ల మీదే ఉంది.

*

మర్నాడు కూడా అదే వేళకు పండరి వచ్చాడు. ఈసారి సుస్మిత కుర్చీలోనే ఉంది, రాకుండా ఉంటే బాగుండునని ఒక పక్క, వస్తే చూడాలని ఒక పక్క. యంత్రం మద్నూరుకు ఫోను కలుపుతున్నంతసేపూ అరచేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లైను కలిసింది. ఆమె చూస్తుండగానే తావుర్యా పేరు అడుగు నుంచి మీదికి లేచింది. ఎవరి చేయీ కనపడదు. పేరు మాత్రం కదులుతుంది. సాయంత్రానికి మళ్ళీ కిందికి దిగింది.

మూడో రోజూ అంతే. పొద్దున పోయినవాడు పైకి లేపుతాడు, సాయంత్రం ఉన్నవాడు కిందికి నెడతాడు. మధ్య చెరకు మడిలో ఎండిపోతోంది. ఆ కీచుమనే మోత ఇంటికి వెళ్ళాక కూడా ఆమె చెవుల్లో ఉండిపోయేది. కుక్కర్ కూత వేసినా ఉలిక్కిపడేది.

నాలుగో రోజు, దీపాలు మిణుకుమంటున్నప్పుడు, లోపల ఉన్నవాళ్ళు ఒకరికొకరు చిన్న మాట పంపుకునే వీలు ఉందని గుర్తొచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కూర్చి "ఎవరు?" అని పంపింది. జవాబు రాలేదు. కానీ లైను కూడా తెగలేదు. రోజూ ఉండే దానికన్నా చాలాసేపు, అవతల ఎవరో ఆ ఒక్క మాటనే చదువుకుంటూ కూర్చున్నట్టు, అలాగే నిలిచింది. తర్వాత తెగింది. సుస్మిత లేచి వెళ్ళి బయట ఎండలో నిలబడింది.

ఆ మధ్యాహ్నమే రాజేంద్రప్రసాద్ పిలిచాడు. గేటులో పండరి పేరు ఇంకా ఉందా అన్నాడు. ఉందంది. తీసేయమ్మా, ఆ తండా అతను పెద్దలకు ఫిర్యాదు చేస్తానంటున్నాడు, పైవాళ్ళు చూడడానికి వస్తే పోయినవాడి పేరు మీద పని నడుస్తోందంటే బాగుండదు, వచ్చే వారం మద్నూరుకు నవనీత్‌ను వేస్తున్నాను అన్నాడు. నవనీత్ అంటే ఆ కోటగిరి బావమరిది కొడుకు.

"రోజూ పొద్దున ఆ పేరుతో ఎవరో వస్తున్నారు సార్," అంది సుస్మిత.

"తెలుసు. ఎవరైతే ఏంటి? తీసేస్తే రారు."

గదికి వచ్చి పండరి పేరు తెర మీదికి తెచ్చింది. తీసివేయమంటే, నిజంగానే తీసేయాలా అని యంత్రం అడిగింది. వేలు మీట దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఆ ఇంట్లో ఫోను ఎత్తుతున్నది ఎవరో తెలుసుకోకుండా ఆ పని తన వల్ల కాదనిపించింది.

సాయంత్రం బస్సు దిగి వర్ని క్యాంపులో ఇంటికి వచ్చేసరికి నాన్న బసవయ్య వాకిట్లో కొడవళ్ళు నూరుతున్నాడు. మన చెరకు ఎప్పుడు నాటాం నాన్నా అని అడిగింది. ఆలోచించి చెప్పాడు. తావుర్యా మడి కన్నా తరవాతే. అది కోసి బండ్లకెత్తి అప్పుడే నెల దాటింది.

"మరి మనకు పర్మిట్ అంత ముందు ఎలా వచ్చింది?"

బసవయ్య నూరుడు ఆపలేదు. "రాజేంద్ర మనోడు కదమ్మా. నీకు ఉద్యోగం ఇప్పించినోడు మనకు పర్మిట్ ఇప్పించడా?" అన్నాడు, అడగవలసిన మాట కాదన్నట్టు.

ఆ మాటలో దాపరికం లేదు. ఈ నాలుగు రోజులూ తను భయపడుతున్నది మద్నూరు నుంచి వచ్చే పేరుకు. ఇక్కడ కిందికి నెట్టేసిన చెరకును దాటుకుని తమ బండ్లు ముందే వెళ్ళిపోయాయి. అన్నం ముందు కూర్చుని లేచింది. ఒంట్లో బాగాలేదా అని నాన్న అడిగితే తలనొప్పి అని చెప్పింది.

*

మర్నాడు సెలవు పెట్టి బిచ్కుంద మీదుగా మద్నూరు బస్సెక్కింది. పండరి ఇల్లు హైవేకు దగ్గరే. ముందు గదిలో కంప్యూటరు మీద ఉతికిన తువ్వాలు కప్పి ఉంది. పక్కన ఫోను. గోడకు పండరి ఫోటో. మీసాలు నెరిసే ఉన్నాయి. ఇంట్లో ఎవరూ లేరు. పక్కింటావిడ, పార్వతీబాయి తావుర్యా మడికి పోయిందని చెప్పి దారి చూపింది.

చెరకు మడి గట్టు మీదికి వచ్చేసరికి ఎండ ముదిరింది. గాలికి ఆకులు ఒకదానికొకటి రాసుకుంటూ గరగరమంటున్నాయి. ఆ పచ్చదనం లోపల, మనిషి ఎత్తు ఆకుల మధ్య, మగవాళ్ళ నిండుచేతుల చొక్కా ఒకటి కదులుతూ కనపడింది. ఒక చేయి పైకి లేచి కంటికి ఏదో పెట్టుకుంది. సుస్మిత అక్కడే ఆగిపోయింది. పండరి కంటికి గొట్టం పెట్టుకుని చూశాడని తావుర్యా చెప్పిన మాట చెవిలో మెదిలింది. పిలుద్దామంటే ఏమని పిలవాలో తోచలేదు.

ఆకులు తప్పుకున్నాయి. చీర మీద మగవాడి చొక్కా తొడుక్కున్న ఆడమనిషి బయటికి వచ్చింది. మొగం మీద చెరకాకు గీతలు. గొట్టాన్ని చంకన పెట్టుకుని, కొత్త మనిషిని ఎగాదిగా చూసింది.

"పార్వతీబాయి అంటే మీరేనా అక్కా? నేను బాన్సువాడ ఆఫీసు నుంచి వచ్చాను. సుస్మితను."

ఆమె మొగం విప్పారింది. "గేటు సుస్మితవా," అంది. "ఆయన ఫోన్ల మాట్లాడ్తుంటె పక్కన నిలవడి ఇనేదాన్ని, గొంతు గుర్తువట్టిన. ఇంత చిన్నపిల్లవనుకోలే."

ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. సుస్మిత అడగకముందే పార్వతీబాయి చెప్పసాగింది. పండరి తెల్లవారకముందే బండి తీసి మడుల వెంట పోయేవాడు. సాయంత్రం వచ్చి ఏ మడి ఎట్లుందో చెప్పేవాడు. లైను దొరికేది పొద్దున కొంతసేపే, ఆయన మడుల నుంచి తిండికి ఇంటికొచ్చిపోయే వేళకు; అందుకని ఆ పని ఆమెది, లైను తెగితే ఆఫీసుకు ఫోను చేయడం ఆయనది. ఆయన నేర్పాడు, ఆమె నేర్చుకుంది. దినాలు అయ్యేదాకా ఆ గదిలోకి పోలేదు. అవి అయిన రోజే రైతులు ఇంటికొచ్చి అడగడం మొదలుపెట్టారు; ఆయన చివరగా చెప్పిన మడుల సంగతి మర్నాడు పొద్దునే పంపింది. కంప్యూటరు తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు, పని ఆపమని ఎవరూ చెప్పలేదు. ఆమె చొక్కా తొడుక్కుని తనే మడుల్లోకి పోయింది.

"అంటే ముందు నుంచీ లోపలికి వస్తున్నది మీరేనా?"

"ఫోన్ల మాట్లాడేది ఆయన. లోపటికొచ్చేది నేను."

గొట్టం మూత తెరిచి, లోపలి గాజును చీర చెంగుతో తుడిచింది. ఇందాకటి రసం ఎండి మరకైంది. దాని మీద ఊది మళ్ళీ తుడిచింది.

"నిన్న నువ్వు ఎవరు అని అడిగినవ్. మస్తుసేపు కూసున్న. ఆయన పేరు రాద్దామంటే ఆయన లేడు. నా పేరు రాద్దామంటే గాడ నా పేరు లేదు. ఏం రాయాల్నో తెల్వక తెంపేసిన."

సుస్మిత తను వచ్చిన సంగతి చెప్పింది. పేరు తీసేయమన్నారనీ, తను తీయలేదనీ, తీయబోననీ. తీసేశానని సారుకు చెబుతాను, తెర మీద కనపడకుండా చేస్తాను, మీరు మామూలుగా రండి అంది. దారి పొడుగునా ఆలోచించుకున్న మాటలే. ఆ మాట విని పార్వతీబాయి ఏడుస్తుందనుకుంది, లేకపోతే చేతులు పట్టుకుంటుందనుకుంది.

పార్వతీబాయి గాజు తుడుస్తూనే ఉంది.

"రోజు పొద్దుగాల గా ఫోను మోగుతది గద, మీ మిషను చేసేది. గది ఆయన పేరు మీద మోగుతది. మా ఇంట్ల ఇంక ఆయన కోసం మోగేది గదొక్కటే. మోగంగనే ఎత్తను నేను. జెరసేపు మోగనిస్త." ఆగింది. మడి లోపల ఏదో పిట్ట రెక్కలు కొట్టుకుంది. "అయినా తీసెయ్యి చెల్లె."

"ఎందుకక్కా? నేను చూసుకుంటానంటున్నాగా."

"తావుర్యన్న వచ్చి చెప్పిండు, సారు ఏమన్నడో. పండరి రాయలే, పండరి మర్శిపోయిండు. ఆయన పేరు గాడ ఉన్నన్ని దినాలు అందరి తప్పులు ఆయన మీదనే పడ్తయి. నేను పొద్దుగాల పంపింది గూడ పొద్దుమీకి ఆయన తప్పే అయితున్నది. సచ్చినోడు జవాబు చెప్పలేడు గద." గొట్టం మూత మూసింది. "నా పేరు పెట్టు. తిడితే నన్ను తిట్టనీ. నేనైతే తిరిగి అడుగుత."

సుస్మిత తెచ్చిన ధైర్యమంతా దాచిపెట్టడానికే. ఆమె అడుగుతున్నది బయటపెట్టడానికి సరిపోయే ధైర్యం. అంత తన దగ్గర ఉందో లేదో తెలియకుండానే సరే అంది.

*

శనివారం పొద్దున అందరికన్నా ముందు ఆఫీసుకు వచ్చింది. పండరి పేరు తెర మీదికి తెచ్చి తీసివేయమంది. నిజంగానే తీసేయాలా అని అడిగింది యంత్రం. తీసేయమంది. పేరు పోయింది. సమ్మవ్వ గుమ్మంలో నిలబడి చూస్తూ, పోయిండా బిడ్డా అని అడిగింది. పోయాడు అవ్వా అని చెప్పింది సుస్మిత. చూడనైనా చూడని మనిషికి అప్పుడు వచ్చాయి కన్నీళ్ళు.

కళ్ళు తుడుచుకుని కొత్త పేరు రాసింది. అదే నంబరు ఇచ్చింది. రహస్యపు మాట ఫోనులో చెప్పింది.

మోడెం మోగే వేళకు రాజేంద్రప్రసాద్ కూడా గదిలోకి వచ్చాడు, పేరు తీశావా అని చూడడానికి. ఇద్దరూ తెర ముందు ఉండగానే ఇంగ్లీషు అక్షరాల్లో పార్వతీబాయి అని పడింది. గేటు లైను తెంపి మద్నూరుకు ఫోను కలిపింది. ఈసారి అవతల వెంటనే ఎత్తారు.

"ఎవరిది?" అన్నాడు మేనేజరు.

"పండరి భార్య సార్. మద్నూరు పని ముందు నుంచీ ఆవిడే చేస్తోంది."

"నేను తీసేయమన్నది ఏంటి, నువ్వు చేసింది ఏంటి?"

"పండరి పేరు తీసేశాను సార్. మీరు చెప్పింది అదే కదా."

ఆయన ఆమె వంక చూశాడు. బసవయ్య కూతురు తనతో ఇలా మాట్లాడుతుందని ఆయన అనుకోలేదు. కోప్పడలేదు. తన గదికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి తావుర్యా పేరు మళ్ళీ కిందికి దిగింది.

అది దిగిన కొంతసేపటికి మేనేజరు గదిలో ఫోను మోగింది. మధ్య అడ్డం చెక్కతడికే కనుక ఇవతలికి ఆయన మాటలు వినపడతాయి. ముందు మర్యాదగా పలకరించాడు. పండరి ఎంత మంచివాడో చెప్పబోయాడు. ఆగాడు. అవతల ఏదో అడుగుతున్నారు. పండరి రాయలేదమ్మా అనడం మొదలుపెట్టి మధ్యలోనే మింగేశాడు. పొద్దున తన కళ్ళతో చూశాడు, రాసింది పండరి కాదు. రాసిన మనిషి ఫోనులో ఉంది. ఎందుకు కిందికి పెట్టారని ఆమె అడుగుతోందని అడగకుండానే తెలుస్తోంది సుస్మితకు. కుర్చీ కిర్రుమంది. చివరికి, "సరేనమ్మా, చూస్తాను," అన్నాడు. ఫోను పెట్టేశాక కూడా లేవలేదు.

ఆ సాయంత్రం అచ్చయిన పర్మిట్లలో తావుర్యా పేరు ఉంది. కట్ట అందించినప్పుడు ఆయన దాని మీద కూడా మిగతావాటి మాదిరే సంతకం పెట్టాడు. సుస్మిత వైపు చూడకుండా, సోమవారం నుంచి నువ్వు కాటా దగ్గర కూర్చోమ్మా, గేటు నవనీత్ చూసుకుంటాడు, మద్నూరుకు ఇంకెవరినైనా చూద్దాం అన్నాడు. నాన్నకు ఆ కబురు ఆమె కన్నా ముందే చేరింది. రెండు రోజులు ఆయన ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు, కాటా దగ్గర ఎండ కొడుతుందేమో గొడుగు తీసుకుపో అన్నాడు.

తావుర్యా ట్రాక్టరు బుధవారం పొద్దున కాటా మీదికి ఎక్కింది. ట్రాలీ నిండుగానే కనపడుతోంది కానీ బరువు చూస్తే అంత లేదు. సుస్మిత అంకె బిగ్గరగా చదవడానికి తటపటాయించింది. చదివింది. తావుర్యా ట్రాలీ మీద చేయి వేసి గడలను ఒకసారి నిమిరి, సగం బెండే ఉన్నది బిడ్డా, ఎట్లయితది బరువు అన్నాడు. గొంతులో కోపం లేదు. అది ఉంటేనే బాగుండునని ఆమెకు అనిపించింది.

పార్వతక్క ఎలా ఉందని అడిగింది. కంప్యూటరును జీపులో తీసుకుపోయారని చెప్పాడు. తుడిచి, తువ్వాలుతో సహా ఇచ్చేసిందట. ఇంటి ఫోను కూడా ఫ్యాక్టరీదే కనుక కోసేశారు.

"మరి మడులు ఎవరు చూస్తున్నారు?"

"ఆమెనే. పొద్దుగాల బస్టాండు కాడ ఎస్టీడీ బూతుకు పోతది. సారుకే చేస్తది ఫోను. ముందుగాల ఆమె పేరు చెప్తది. ఎన్కశీరి ఎవలి మడి పండిందో మా పేర్లు చెప్తది. మేము గాడనే నిల్సుంటం."

"సారు ఎత్తుతున్నారా?"

తావుర్యా నవ్వాడు. మేనేజరు గది వైపు ఒకసారి చూసి ట్రాక్టరు ఎక్కాడు.

కాటా కిటికీలోంచి చూస్తే ఎదురుగా మేనేజరు గది కిటికీ. అక్కడ ఫోను మోగుతోంది. రాజేంద్రప్రసాద్ దాన్ని చూస్తూ కూర్చున్నాడు. అది మోగి మోగి ఆగింది. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. మళ్ళీ మోగింది. లేచి కిటికీ దాకా వచ్చి, ఆవరణలో బారులుతీరిన బండ్లను చూశాడు. కాటా కిటికీలో సుస్మితను కూడా చూశాడు. ఫోను ఆగింది. ఆయన ఊపిరి వదిలి కుర్చీలో కూర్చోబోతుండగా మూడోసారి మోగింది.

తావుర్యా ట్రాక్టరు ఇంజను మొదలైంది. ఆ రొదలో ఏ మాటా వినపడదు. రాజేంద్రప్రసాద్ ఫోను ఎత్తి చెవికి పెట్టుకోవడం, కాసేపు తల వంచుకుని వినడం, పెదవులు కదిలి "చెప్పమ్మా పార్వతీబాయి" అనడం మాత్రం సుస్మితకు కనపడింది.

ఆమె తర్వాతి బండిని రమ్మని చెయ్యి ఊపింది.